వేడికి తెగే స్విచ్‌లు, థర్మల్ ఫ్యూజులు, ఎంసీబీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇస్త్రీ పెట్టె ఉన్నట్టుండి వేడెక్కడం మానేస్తుంది. మిక్సీ మధ్యలో ఆగిపోతుంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) అరగంటకోసారి పడిపోతుంది. మూడింటిలోనూ వేడిని కనిపెట్టే భాగం ఏదో తన పని తాను చేసిందన్నమాట. అప్పుడు ఎక్కువమంది అడిగేది "దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేయొచ్చా?" అని. చేయకూడదు. ఎందుకు చేయకూడదో, దానికి బదులు ఏం చేయాలో కింది జవాబుల్లో ఉంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఇచ్చాం.

వేడికి పనిచేసే రక్షణ భాగాలు ఎన్ని రకాలు?

తెగాక ఏం జరుగుతుందన్నదాన్ని బట్టి విడదీస్తే సులువుగా అర్థమవుతుంది. ఒకసారి తెగితే ఇక పనికిరానిది థర్మల్ ఫ్యూజు. చల్లారగానే తనంతట తానే కలిసేది వేడిని ఒక హద్దులో ఉంచే థర్మోస్టాట్, మోటారు వైండింగ్‌లో ఉండే థర్మల్ ప్రొటెక్టర్. మనిషి వచ్చి బటన్ నొక్కితేనే కలిసేది మాన్యువల్ రీసెట్ కటౌట్. మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటనూ, ఎంసీబీ లీవరూ ఈ కోవలోకే వస్తాయి. అసలు తెగకుండా తన రెసిస్టెన్స్ పెంచుకుని కరెంటును అణిచేసేది పీటీసీ.

ఇంకో విభజన కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని భాగాలు చుట్టూ ఉన్న వేడిని చూస్తాయి. కొన్ని తమ గుండా పోయే కరెంటు వల్ల తమలోనే పుట్టే వేడిని చూస్తాయి. థర్మల్ ఫ్యూజు మొదటి రకం, ఎంసీబీలోని బైమెటల్ పట్టీ (వేడికి వంగే రెండు లోహాల పట్టీ) రెండో రకం. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. రిపేర్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లే జరుగుతాయి.

థర్మోస్టాట్ ఉంది కదా, మళ్లీ థర్మల్ ఫ్యూజు ఎందుకు?

థర్మోస్టాట్ పాడైతే ఎలా పాడవుతుందో చూడండి. అది రోజుకు ఎన్నోసార్లు తెగుతూ, కలుస్తూ ఉంటుంది. ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కాంటాక్టుల మీది లోహం కరిగి గుంటలు పడుతుంది. ఒకరోజు రెండూ వెల్డింగ్ అయినట్టు అతుక్కుపోతాయి. అప్పుడు బైమెటల్ ఎంత వంగినా సర్క్యూట్ తెగదు, హీటర్ ఆగదు. అంటే థర్మోస్టాట్ పాడయ్యే తీరే ప్రమాదం వైపు మొగ్గి ఉంటుంది.

అందుకే మంచి డిజైన్‌లో వరసగా రెండు మూడు అంచెలు పెడతారు. స్టోరేజీ గీజర్ తీసుకోండి. రోజూ పనిచేసే థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర తెగుతుంది. అది అతుక్కుపోతే 90 డిగ్రీల చుట్టుపక్కల కటౌట్ తెగుతుంది. అదీ విఫలమైతే ప్రెషర్ వాల్వు నీళ్లు వదులుతుంది. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రైయర్, కాఫీ మెషీన్ లాంటి వాటిలో ఆ రెండో అంచె థర్మల్ ఫ్యూజే. కాబట్టి థర్మల్ ఫ్యూజు పోయిందంటే దాని ముందున్న అంచె తన పని చేయలేదేమోనని ముందుగా అనుమానించాలి.

గాజు ఫ్యూజుకూ థర్మల్ ఫ్యూజుకూ తేడా ఏమిటి?

గాజు ఫ్యూజు కరెంటు ఎక్కువైతే పోతుంది. థర్మల్ ఫ్యూజు అది తాకి ఉన్న చోటు వేడెక్కితే పోతుంది. 1000 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. థర్మోస్టాట్ అతుక్కుపోయినా అది లాగేది ఆ 4.3 ఆంపియర్లే. గాజు ఫ్యూజుకు గానీ ఎంసీబీకి గానీ అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఇస్త్రీ పెట్టె అడుగు పలక (సోల్‌ప్లేటు) మితిమీరి వేడెక్కుతూ ఉంటుంది. ఆ ప్రమాదాన్ని పట్టుకోగలిగేది వేడిని చూసే భాగం ఒక్కటే.

థర్మల్ ఫ్యూజు లోపల ఏముంటుంది?

రెండు రకాలున్నాయి. ఎక్కువ కరెంటుకు వాడేది గుళిక రకం. చిన్న లోహపు గొట్టం లోపల ఒక రసాయనపు గుళిక ఉంటుంది. దాన్ని ఆనుకుని గట్టి స్ప్రింగు నొక్కుకుని కూర్చుంటుంది. ఆ ఒత్తిడి వల్ల నక్షత్రం ఆకారంలో ఉన్న కాంటాక్టు రెండో లీడు (బయటికి వచ్చే తీగ) మొనకు అదిమిపెట్టి ఉంటుంది. ఆ మొన దగ్గర, పింగాణీ బుష్ చుట్టూ ఇంకో బలహీనమైన స్ప్రింగు ఎదురు తోస్తూ ఉంటుంది. గుళిక కరగనంతవరకు గట్టి స్ప్రింగుదే పైచేయి. నిర్ణీత ఉష్ణోగ్రతకు గుళిక కరిగి ఖాళీ ఏర్పడుతుంది, గట్టి స్ప్రింగు సాగిపోతుంది, బలహీనమైన స్ప్రింగు నక్షత్రాన్ని వెనక్కి తోసేస్తుంది. సర్క్యూట్ తెగింది. ఇక అది కలవదు.

ఈ నిర్మాణంలోంచి చేతిపనికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. లోహపు గొట్టం ఒకవైపు లీడుకు నేరుగా కలిసి ఉంటుంది, అంటే బాడీ మీద కరెంటు ఉంటుంది. ఎపాక్సీతో మూసిన వైపు లీడు ఒక్కటే గొట్టానికి అంటకుండా విడిగా ఉంటుంది. అందుకే స్లీవ్ (ఇన్సులేషన్ తొడుగు) లేకుండా దీన్ని లోహపు క్లాంపు కింద పెట్టకూడదు.

రెండోది మిశ్రమ లోహం రకం, తక్కువ కరెంటుకు వాడతారు. ట్రాన్స్‌ఫార్మర్లలో, చిన్న మోటార్ల వైండింగ్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువ వేడికే కరిగే లోహపు తీగ చుట్టూ రెసిన్ పూత ఉంటుంది. తీగ కరగగానే రెసిన్ దాని మీది ఆక్సైడు పొరను తొలగిస్తుంది, కరిగిన లోహం రెండు బొట్లుగా విడిపోయి చెరో లీడుకు అంటుకుంటుంది.

బాడీ మీద రాసిన అంకెలకు అర్థం ఏమిటి?

పెద్ద అక్షరాల్లో ఉండేది టీఎఫ్, అంటే తెగే ఉష్ణోగ్రత. ఐఈసీ 60691 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అసలు ఫ్యూజు ఆ అంకె దాటకుండా, దానికి 10 డిగ్రీలు కింద వరకు ఎక్కడైనా తెగవచ్చు. 152 అని ఉంటే 142 నుంచి 152 మధ్య అన్నమాట. దాని పక్కన ఆంపియర్లు, వోల్టులు ఉంటాయి. 10 ఆంపియర్లు, 250 వోల్టులు అన్నది మామూలుగా కనిపించే రేటింగు.

బాడీ మీద లేకపోయినా డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) మరో రెండు ఉంటాయి. టీహెచ్ అంటే పూర్తి రేటింగు కరెంటు పోతున్నా తెగకుండా నిలవగలిగే ఉష్ణోగ్రత. టీఎమ్ అంటే తెగిన తర్వాత కూడా ఎంత వేడి వరకు మళ్లీ కలవకుండా ఉంటుందన్నది. ఫ్యూజు ఎంచుకునేటప్పుడు టీఎఫ్ కంటే టీహెచ్ ముఖ్యం. మామూలుగా పరికరం నడుస్తున్నప్పుడు ఆ చోటి వేడి టీహెచ్‌ను దాటకూడదు. దాటితే ఏ లోపమూ లేకపోయినా ఫ్యూజు కొన్ని నెలల్లో పోతుంది.

అంకెలు చెరిగిపోయాయి. ఎన్ని డిగ్రీలది వేయాలి?

ముందు సర్వీస్ మాన్యువల్ గానీ, అదే మోడల్ ఇంకో పరికరం గానీ దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే కొలవడమే మార్గం. ఫ్యూజు కూర్చునే చోట థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) కట్టి, ఆ కొలత తీసే కాసేపటికి మాత్రం ఫ్యూజు బదులు వైరు కలిపి, పక్కనే నిలబడి, పరికరాన్ని గరిష్ఠ సెట్టింగులో థర్మోస్టాట్ నాలుగైదుసార్లు తెగి కలిసేదాకా నడపండి. కనిపించిన అత్యధిక అంకెకు 25 నుంచి 30 డిగ్రీలు కలపండి. దానికి దగ్గర్లో దొరికే విలువ తీసుకోండి. అలా వచ్చిన అంకె అక్కడున్న ప్లాస్టిక్, వైర్ ఇన్సులేషన్ తట్టుకోగలిగే వేడి కంటే తక్కువగా ఉందో లేదో కూడా చూడాలి. ఎక్కువగా ఉంటే ఫ్యూజు తెగేలోపే ప్లాస్టిక్ కరుగుతుంది. వైండింగ్ లోపల పూడ్చిన ఫ్యూజుకు ఈ లెక్క వాడకండి. అక్కడ వైండింగ్ ఇన్సులేషన్ క్లాసు (అది ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే తరగతి) చూడాలి.

అనుమానం ఉంటే తక్కువ డిగ్రీల వైపే మొగ్గండి. తక్కువది వేస్తే మహా అయితే మళ్లీ పోతుంది. ఎక్కువది వేస్తే ప్రమాదం వచ్చేదాకా తెలియదు.

ఫ్యూజు పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్లగ్గు పీకి, ఫ్యూజు ఒక చివర విడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి చూడండి. బాగుంటే దాదాపు సున్నా, ప్రోబ్ వైర్లదే అరా కొరా కనిపిస్తుంది. పోతే మీటర్ కదలదు. కంటితో చూసి చెప్పలేం. పోయిన ఫ్యూజు బయటికి కొత్తదానిలాగే ఉంటుంది.

అక్కడితో ఆగకుండా హీటర్ కాయిల్ కూడా కొలవండి. 230 వోల్టుల 1000 వాట్ల కాయిల్ సుమారు 53 ఓమ్‌లు, 2000 వాట్లది 26 ఓమ్‌ల పైచిలుకు చూపాలి. బాగా తక్కువ చూపితే కాయిల్‌లో కొంత భాగం షార్ట్ అయినట్టు. తర్వాత కాయిల్‌కూ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) చూడండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ ఉంటే ఆ పరికరాన్ని అలాగే వాడకూడదు.

థర్మల్ ఫ్యూజు మార్చేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎక్కువ ఫ్యూజులు టంకం పెట్టేటప్పుడే పోతాయి. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడి లీడు గుండా నేరుగా గుళికకు చేరుతుంది. బిగించాక మీటర్ పెడితే ఓపెన్ (తెగినట్టు) చూపుతుంది. అమ్మినవాళ్లు పాడైపోయింది ఇచ్చారనుకుంటాం. వీలైనంతవరకు టంకం వద్దు, క్రింప్ చేయండి (లోహపు తొడుగు వేసి నొక్కి బిగించండి). హీటర్ల దగ్గర క్రింపే సరైనది, ఎందుకంటే 60/40 టంకం 183 డిగ్రీలకే మెత్తబడుతుంది, సీసం లేని టంకం 217 దగ్గర కరుగుతుంది. వేడికి జాయింటే ఊడిపోతే ఫ్యూజు ఉండీ లాభం లేదు. వేడి ఎక్కువ ఉన్న చోట నికెల్ పూత క్రింపులు వాడండి. తగరం పూత ఉన్న మామూలు రాగి క్రింపు అక్కడ నల్లబడి లూజవుతుంది.

టంకం తప్పదంటే లీడు పొడవుగా వదిలి, ఫ్యూజు బాడీకీ జాయింటుకీ మధ్య లీడును నోస్‌ప్లయర్‌తో గట్టిగా పట్టుకోండి. ఆ ప్లయర్ వేడిని లాగేసుకుంటుంది. ఐరన్ 3 నుంచి 5 సెకన్ల కంటే ఎక్కువ ఆనించకండి. జాయింటు పూర్తిగా చల్లారేవరకు ప్లయర్ వదలకండి. 100 డిగ్రీల లోపు ఫ్యూజులకు ఇదీ నమ్మకం కాదు, క్రింపే చేయండి.

లీడు వంచేటప్పుడు బాడీకి కనీసం 3 మిల్లీమీటర్లు వదిలి, ఆ చోట ప్లయర్‌తో పట్టుకుని వంచండి. బాడీ దగ్గరే వంచితే ఎపాక్సీ సీలు పగులుతుంది, తేమ లోపలికి పోతుంది. లీడును లాగకండి, మెలిపెట్టకండి. పాత స్లీవ్ గట్టిపడి విరుగుతుంటే కొత్త గాజునూలు స్లీవ్ తొడగండి. అన్నిటికంటే ముఖ్యం, పాత ఫ్యూజు ఎక్కడ, ఎంత గట్టిగా ఆని ఉందో కొత్తది అచ్చంగా అలాగే ఉండాలి. విప్పేముందు ఫోటో తీసుకోండి. పాత చోటు నుంచి ఒక సెంటీమీటరు జరిగి గాలిలో వేలాడుతున్న ఫ్యూజు 30, 40 డిగ్రీలు ఆలస్యంగా తెగవచ్చు.

కొత్తది వేసిన కొద్దిరోజులకే మళ్లీ పోయింది. ఎందుకు?

వేడి పెరగడానికి అసలు కారణం ఇంకా అక్కడే ఉంది కాబట్టి. ఈ వరసలో వెతకండి: థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కున్నాయా, హెయిర్ డ్రైయర్, రూమ్ హీటర్ లాంటి వాటిలో ఫ్యాను నెమ్మదించిందా, గాలిదారి దుమ్ముతో పూడిందా, మోటారులో బేరింగు బిగుసుకుందా, కెపాసిటర్ బలహీనపడిందా. ఇవేవీ కాకపోతే ఫ్యూజు పక్కనున్న క్రింపు జాయింటు చూడండి. జాయింటు లూజుగా ఉంటే అక్కడే వేడి పుట్టి లీడు ద్వారా ఫ్యూజుకు చేరుతుంది. లీడు రంగు మారి నీలంగా, నల్లగా కనిపిస్తే ఇదే కారణం.

అత్యవసరంగా ఫ్యూజు తీసేసి వైరు కలిపితే కొన్నాళ్లు నడవదా?

నడుస్తుంది. చిక్కంతా అదే. నడుస్తోంది కాబట్టి అందరూ మరిచిపోతారు. ఆ తర్వాత థర్మోస్టాట్ అతుక్కున్న రోజు దాన్ని ఆపేది ఏదీ ఉండదు, ఆ సమయానికి ఆ ఇంట్లో ఎవరూ మేలుకుని ఉండకపోవచ్చు. ఫ్యూజు దొరికేవరకు పరికరాన్ని పక్కన పెట్టండి. మీరు రిపేరు చేసేవారైతే ఇలా కలిపి తిరిగి ఇవ్వకండి. కస్టమర్ ఎంత తొందర పెట్టినా సరే.

బైమెటల్ డిస్క్ థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుంది?

వేడికి వేరువేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అంటించిన చిన్న గిన్నె లాంటి బిళ్ల అది. తక్కువ వ్యాకోచం ఉన్న వైపు సాధారణంగా ఇన్వార్ వాడతారు, 36 శాతం నికెల్ ఉన్న ఇనుము. దీన్ని 1896లో కనిపెట్టిన షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బిళ్ల ఒక ఉష్ణోగ్రత దాకా ఓర్చుకుని, ఒక్కసారిగా టక్కున అటువైపు తిరగబడుతుంది. ఆ కదలిక చిన్న పింగాణీ పుల్ల ద్వారా కాంటాక్టును విడదీస్తుంది.

ఆ టక్కున తిరగబడడమే దీని బలం. నెమ్మదిగా విడిపోయే కాంటాక్టులో నిప్పురవ్వ ఎక్కువసేపు నిలుస్తుంది, కాంటాక్టు త్వరగా పాడవుతుంది.

తెగింది 85 డిగ్రీల దగ్గర, కలిసింది 65 దగ్గర. పాడైందా?

కాలేదు. తెగే ఉష్ణోగ్రతకూ కలిసే ఉష్ణోగ్రతకూ మధ్య తేడా డిస్క్ స్వభావంలోనే ఉంది. కేఎస్‌డీ 301 లాంటి మామూలు వాటిలో ఆ తేడా 10 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటుంది, తెగే ఉష్ణోగ్రత కూడా సాధారణంగా 5 డిగ్రీలు అటూ ఇటూ. వేడిని ఒకటి రెండు డిగ్రీల్లో నిలపాలంటే డిస్క్ పనికిరాదు, సెన్సరూ కంట్రోలరూ పెట్టుకుని డిస్క్‌ను రక్షణకు మాత్రం ఉంచండి.

కొనేటప్పుడు వేడెక్కితే తెగేదా, వేడెక్కితే కలిసేదా అడిగి తీసుకోండి. హీటరుకు మొదటిది, కూలింగ్ ఫ్యానుకు రెండోది కావాలి. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో మీటర్ పెడితే తెలిసిపోతుంది: తెగే రకం సున్నా చూపుతుంది, కలిసే రకం ఓపెన్ చూపుతుంది. బిగించేటప్పుడు డిస్క్ ముఖం చదునైన చోట పూర్తిగా ఆనాలి. థర్మల్ పేస్టు పలచగా చాలు. స్క్రూలు అతిగా బిగిస్తే ముఖం వంగి, తెగే ఉష్ణోగ్రతే మారిపోతుంది.

250 వోల్టులు, 10 ఆంపియర్లు అని ఉన్నదాన్ని 48 వోల్టుల బ్యాటరీకి వాడొచ్చా?

ఆ రేటింగు ఏసీకి. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, నిప్పురవ్వ దానంతట అదే ఆరిపోతుంది. డీసీలో సున్నా అన్నది రాదు, ఆ రవ్వ కాంటాక్టుల మధ్య అలాగే నిలిచి వాటిని కాల్చేస్తుంది. డేటాషీట్‌లో డీసీ రేటింగు విడిగా ఉంటే అది చూడండి. లేకపోతే ఈ డిస్క్‌తో ప్రధాన కరెంటును తెంచకండి. డీసీ కాంటాక్టరు (పెద్ద కరెంటును తెంచే స్విచ్) కాయిల్‌ను గానీ, మోస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) గేటును గానీ దీనితో ఆపండి. ఫ్యూజులకూ ఎంసీబీలకూ ఇదే మాట వర్తిస్తుంది. సోలార్ ప్యానెళ్ల లైనులో ఏసీ ఎంసీబీ వేయడం చాలాచోట్ల కనిపించే తప్పు, లోడు మీద తెంచినప్పుడు లోపలే కాలిపోతుంది.

గీజర్ థర్మోస్టాట్‌కు ఉండే సన్నటి రాగి గొట్టం వంగితే ఫర్వాలేదా?

ఆ గొట్టంలోనూ చివరనున్న బల్బులోనూ ద్రవం నింపి ఉంటుంది. అది వ్యాకోచించి డయాఫ్రమ్‌ను (పలచటి పొరను) తోస్తే స్విచ్ తెగుతుంది. మడత పడి గొట్టం పగిలితే ద్రవం కారిపోతుంది. మామూలు రకంలో ద్రవం పోతే తోసేదేమీ ఉండదు కాబట్టి స్విచ్ కలిసే ఉండిపోతుంది, నీళ్లు మరుగుతూనే ఉంటాయి. ద్రవం పోతే తెగిపోయేలా ప్రత్యేకంగా చేసినవీ ఉన్నాయి, కటౌట్‌కు అవే తీసుకోండి. గొట్టాన్ని గుండ్రంగా చుట్టవచ్చు, మొనదేలేలా మడవకూడదు. బల్బు ట్యాంకులో దాని కోసం ఉన్న గొట్టంలో చివరిదాకా దిగాలి.

మిక్సీ అడుగున ఎర్ర బటన్ పదేపదే బయటికి వస్తోంది. ఏం చేయాలి?

జార్‌లో ఎక్కువ వేశారన్నది మొదటి కారణం. ఖాళీ జార్‌తో కూడా వస్తుంటే బ్లేడు చేత్తో తిప్పి చూడండి, బిగుసుకుంటే జార్ బుష్ పోయింది. జార్ తీసేసి నడిపినా వస్తుంటే మోటారులోనే లోపం: బేరింగు, కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచర్. బటన్ నొక్కేముందు రెండు మూడు నిమిషాలు ఆగండి. లోపలి బైమెటల్ చల్లారకుండా నొక్కితే నిలవదు. టేపు అంటించి నొక్కిపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఫ్రిజ్ వెనక కొద్ది నిమిషాలకోసారి టిక్కుమంటోంది, చల్లబడడం లేదు.

కంప్రెసర్ తిరగలేకపోతోంది, దాని ఓవర్‌లోడ్ ప్రొటెక్టరు తెగి కలుస్తోంది. తిరగని మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ప్రొటెక్టరు కొద్ది సెకన్లలో తెగుతుంది, చల్లారి మళ్లీ కలుస్తుంది. ముందు వోల్టేజీ చూడండి. తర్వాత పీటీసీ స్టార్టరును (కంప్రెసర్‌ను మొదలుపెట్టే భాగాన్ని) తీసి ఊపండి. లోపల గలగల శబ్దం వస్తే బిళ్ల పగిలిపోయింది, మార్చండి. చల్లగా ఉన్నప్పుడు అది కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌లు చూపాలి. కెపాసిటర్ ఉంటే దాన్నీ కొలవండి. ఇవన్నీ బాగుంటేనే కంప్రెసర్‌ను అనుమానించండి.

ప్రొటెక్టరు కంప్రెసర్ లోపలే ఉన్న మోడళ్లలో అది చల్లారడానికి గంట పైనే పట్టవచ్చు. వేడిగా ఉన్నప్పుడు ఓపెన్ చూపిందని వైండింగ్ కాలిపోయిందని తేల్చేయకండి.

సర్క్యూట్ బోర్డుల మీద పసుపు బిళ్లలా ఉండేది ఏమిటి? అది తెగదా?

తనంతట తాను కోలుకునే పాలిమర్ పీటీసీ ఫ్యూజు కావచ్చు. ప్లాస్టిక్‌లో కార్బన్ పొడి కలిపి చేస్తారు. వేడెక్కితే ప్లాస్టిక్ ఉబ్బి కార్బన్ రేణువులు ఎడమవుతాయి, రెసిస్టెన్స్ వేల రెట్లు పెరుగుతుంది. దీనికి రెండు కరెంటు అంకెలుంటాయి: తెగకుండా మోసే హోల్డ్ కరెంటు, తప్పక తెగే ట్రిప్ కరెంటు. రెండోది సాధారణంగా మొదటిదానికి రెట్టింపు. ఆ రెండింటి మధ్య తెగొచ్చు, తెగకపోవచ్చు. ఆ ప్రాంతంలో డిజైన్ చేయకండి.

ఈ అంకెలు గది ఉష్ణోగ్రతకు ఇచ్చినవి. పెట్టె లోపల 60 డిగ్రీలుంటే హోల్డ్ కరెంటు సుమారు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. 1 ఆంపియరుది 0.65 దగ్గరే తెగడం మొదలుపెడుతుంది. ఇంకొకటి, ట్రిప్ అయ్యాక కూడా కొద్దిగా కరెంటు పోతూనే ఉంటుంది, కాబట్టి దీన్ని నమ్మి వైరు ముట్టుకోకూడదు. సప్లై తీస్తేనే కోలుకుంటుంది, కోలుకున్నా రెసిస్టెన్స్ మొదట ఉన్నంత తక్కువకు రాదు.

ఎంసీబీ వేడికి పడుతుందా, కరెంటుకు పడుతుందా?

రెండిటికీ. లోపల బైమెటల్ పట్టీ ఒకటి, కాయిల్ ఒకటి ఉంటాయి. కొద్దిపాటి ఓవర్‌లోడ్‌ను పట్టీ నెమ్మదిగా పట్టుకుంటుంది. షార్ట్ సర్క్యూట్‌ను కాయిల్ తక్షణమే పట్టుకుంటుంది. ఐఈసీ 60898-1 ప్రకారం రేటింగుకు 1.13 రెట్లు పోతే గంటలోపు పడకూడదు, 1.45 రెట్లు పోతే గంటలోపు పడాలి (63 ఆంపియర్ల వరకు). కాయిల్ స్పందించే హద్దును అక్షరం చెబుతుంది: బి అంటే 3 నుంచి 5 రెట్లు, సి అంటే 5 నుంచి 10, డి అంటే 10 నుంచి 20.

లీవరును చేత్తో పైకి పట్టుకుని ఉన్నా లోపల పడిపోతుంది, అలాగే తయారు చేస్తారు.

ఎంసీబీ పదేపదే పడుతోంది. కారణం ఎలా పట్టుకోవాలి?

ఎంత సేపటికి పడిందో గమనించండి, సగం జవాబు అందులోనే ఉంది. ఎత్తగానే టప్పున పడితే షార్ట్. మోటారో, పెద్ద ఎస్ఎంపీఎస్సో (ఎలక్ట్రానిక్ పవర్ సప్లై) ఆన్ చేసిన క్షణంలో మాత్రమే పడితే స్టార్టింగ్ కరెంటు. బి రకం బదులు సి రకం కావాలేమో చూడాలి. పది నిమిషాలకో, అరగంటకో పడితే ఓవర్‌లోడ్ లేదా వేడి.

ఈ మూడోదాంట్లో క్లాంప్ మీటర్ పెట్టి కొలవండి. కరెంటు రేటింగు లోపలే ఉండి కూడా పడుతుంటే టెర్మినల్ లూజై ఉంటుంది. లూజు జాయింటు వేడి నేరుగా బైమెటల్‌కు చేరి దాన్ని ముందే వంచేస్తుంది. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో సరిచూసుకుని, స్క్రూ విప్పి చూడండి. రాగి నల్లబడి ఉంటే ఆ ముక్క కత్తిరించి కొత్త చివర తీసి బిగించండి. ఎంత బిగించాలో ఎంసీబీ మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 2 నుంచి 3.5 న్యూటన్ మీటర్ల మధ్య. పోగుల వైరు చివరకు ఫెర్రూల్ (పోగులను కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) తొడగండి. టంకం మాత్రం పూయకండి. ఒత్తిడికి టంకం కాలక్రమేణా జారి స్క్రూ లూజవుతుంది.

ఎంసీబీ రేటింగు 30 డిగ్రీల దగ్గర ఇచ్చినది. ఎండ తగిలే ఇనుప పెట్టెలో, పక్కపక్కనే ఇరికించి పెడితే అంతకంటే తక్కువకే పడుతుంది. నిండుగా ఉన్న వరసలో 0.8 వరకు తగ్గించి లెక్క వేయడం మంచిది.

పెద్ద రేటింగు ఎంసీబీ వేస్తే సరిపోతుంది కదా?

ఎంసీబీ ఉన్నది పరికరం కోసం కాదు, గోడలో ఉన్న వైరు కోసం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు, వేసిన తీరును బట్టి, 16 లేదా 20 ఆంపియర్లది వేస్తారు. అక్కడ 32ది పెడితే 1.45 రెట్ల లెక్కన 46 ఆంపియర్లు గంట వరకు పోవచ్చు. ఎంసీబీ దృష్టిలో అది తప్పు కాదు. గోడలోని ఇన్సులేషన్ మాత్రం ఉడికిపోతుంది. లోడు పెరిగితే లైను విడదీయండి, లేదా వైరు మార్చి ఆ తర్వాత ఎంసీబీ మార్చండి.

ఆర్‌సీసీబీ ఉంటే ఎంసీబీ అవసరమా?

అవసరమే. ఆర్‌సీసీబీ ఎర్త్‌కు లీకయ్యే కరెంటును చూస్తుంది, మనుషుల రక్షణకు 30 మిల్లీఆంపియర్లది వాడతారు. ఓవర్‌లోడ్ గానీ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య షార్ట్ గానీ దానికి కనిపించవు.

త్రీఫేజ్ మోటారుకు ఓవర్‌లోడ్ రిలే ఎంతకు సెట్ చేయాలి?

నేమ్‌ప్లేటు మీదున్న ఫుల్ లోడ్ కరెంటుకు. 15 ఆంపియర్ల మోటారుకు 15. స్టార్ డెల్టాలో (మోటారును స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చే పద్ధతిలో) రిలే వైండింగ్ లైన్లలో ఉంటే 0.58తో గుణించాలి, అంటే 8.7. దీన్ని మరిచిపోయి 15కే పెడితే ఆ మోటారుకు ఓవర్‌లోడ్ రక్షణ లేనట్టే.

క్లాసు 10 అంటే చల్లని స్థితిలో 7.2 రెట్ల కరెంటుకు 4 నుంచి 10 సెకన్లలో పడేది. క్లాసు 20 అయితే 6 నుంచి 20 సెకన్లు. బరువైన ఫ్యాన్లు, క్రషర్ల లాంటివి నెమ్మదిగా వేగం అందుకుంటాయి, వాటికి 20 కావాలి. రిలే పడుతోందని డయల్ పెంచుకుంటూ పోవద్దు. ముందు మూడు ఫేజుల కరెంటూ కొలవండి. ఒక ఫేజు పోయి రెండింటి మీద నడుస్తుంటే మిగతా రెండింటిలో కరెంటు బాగా పెరిగి కనిపిస్తుంది. సింగిల్ ఫేజు మోటారుకు ఇదే రిలే వాడితే కరెంటు రిలేలోని మూడు పోళ్ల (కరెంటు దారుల) గుండా వరసగా పోయేలా కలపండి, లేకపోతే ఫేజు పోయిందనుకుని పడుతుంది. కాంటాక్టరు కాయిల్ లైనులో రిలే మీది 95, 96 నంబర్ల కాంటాక్టు రావాలి. షార్ట్ సర్క్యూట్‌ను ఈ రిలే తెంచలేదు, ముందు ఫ్యూజో బ్రేకరో ఉండాలి.

రిలే ఉన్నా మోటారు కాలిపోయింది. ఎలా?

రిలే చూసేది కరెంటును, వైండింగ్ వేడిని కాదు. కూలింగ్ ఫ్యాను విరిగినా, గాలి వెళ్లే జాలీ పూడుకుపోయినా, డ్రైవ్ (వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద మోటారు తక్కువ వేగంలో గంటల తరబడి నడిచినా కరెంటు మామూలుగానే ఉంటుంది, వైండింగ్ మాత్రం మాడుతుంది. దీనికి మందు వైండింగ్‌లోనే పెట్టే పీటీసీ థర్మిస్టర్లు. ఫేజుకొకటి చొప్పున మూడు, వరసగా కలిపి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కోటి 250 ఓమ్‌ల లోపే చూపాలి. నిర్ణీత ఉష్ణోగ్రతకు 5 డిగ్రీలు దాటితే 1330 ఓమ్‌ల పైన, 15 డిగ్రీలు దాటితే 4000 పైన ఉంటుంది. వీటిని 2.5 వోల్టులకు మించని మీటర్‌తోనే కొలవాలి. మెగ్గర్ పెడితే థర్మిస్టర్లు పోతాయి, వాటిని మార్చాలంటే మోటారు మళ్లీ చుట్టించాలి.

కొత్తగా కొన్న థర్మోస్టాట్లు, థర్మల్ ఫ్యూజులు అసలువేనా అని పరీక్షించవచ్చా?

థర్మోస్టాట్‌ను పాడుచేయకుండా పరీక్షించవచ్చు. మందమైన అల్యూమినియం పలకకు దాన్ని స్క్రూ చేసి, పక్కనే థర్మోకపుల్ బిగించి, పలకను కింది నుంచి నెమ్మదిగా వేడి చేయండి. తెగే అంకె దగ్గర పడ్డాక నిమిషానికి ఒక డిగ్రీ కంటే వేగం వద్దు. తొందరపడితే పలక ముందు వేడెక్కి, డిస్క్ వెనకపడి, అంకె తప్పు వస్తుంది. తెగినప్పుడూ కలిసినప్పుడూ అంకె రాసుకోండి. మూడుసార్లు చేస్తే తేడా తెలుస్తుంది.

థర్మల్ ఫ్యూజు పరీక్షలో పోతుంది కాబట్టి లాట్‌లో మూడు నాలుగు బలి ఇవ్వాలి. వాటినీ అదే పలక మీద, కరెంటు తగలకుండా పలచటి మైకా వేసి అదిమిపెట్టి, మీటర్‌తో 10 మిల్లీఆంపియర్లకు మించని కరెంటు పంపుతూ వేడి చేయండి. రాసిన అంకె దాటాక ఒక్కటి తెగకపోయినా ఆ లాట్ మొత్తం పక్కన పడేయండి. లీడు, బాడీ మీది అచ్చు ఎంత బాగున్నా సరే, అలాంటి లాట్‌లోంచి ఒక్కటి కూడా పరికరంలోకి వెళ్లకూడదు.